చప్పుడు పోయిన బండి

ఓబులేసుకు ఒకటే బాధ. ఆరేళ్లుగా దస్తగిరి ఉస్తాద్ దగ్గర పనిచేస్తున్నాడు. ఇంజను దించడం వచ్చు, ఎక్కించడం వచ్చు. కార్బొరేటర్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. అయినా వాల్వుల మీద చెయ్యి వెయ్యనివ్వడు ఉస్తాద్.

మదనపల్లెలో బెంగళూరు రోడ్డు పక్కన ఉండేది ఉస్తాద్ షెడ్డు. నాలుగు రేకులు, బండి కింద పనికి ఒక గుంత, గోడకు వేలాడే పానాలు, అంతే. బోర్డు కూడా లేదు. ఆయన చూసేది ఒక్క రకం బండినే. గుండ్రటి వీపుతో, వెనక ఇంజనుతో ఉండే పాత బీటిల్ కార్లు. చుట్టుపక్కల జిల్లాల్లో అలాంటివి ముప్పై దాకా మిగిలి ఉంటే, వాటిలో పాతిక ఆయన చేతి కిందే బతికేవి. వేరే బండి ఏదైనా తెస్తే, ఎదురుగా ఇంకో మెకానిక్ ఉన్నాడని మర్యాదగా వేలు చూపించేవాడు.

ఆ ఇంజనుకు నీళ్లు ఉండవు, రేడియేటర్ ఉండదు. నాలుగు సిలిండర్లు ఇటు రెండు, అటు రెండు పడుకుని ఉంటాయి. ఒక ఫ్యాను గాలి విసురుతూ ఉంటుంది. ఆ గాలే దానికి ప్రాణం. మూడో సిలిండరుకు ఆ గాలి కూడా కొంచెం తక్కువే అందుతుంది. ఆయిల్ చల్లార్చే డబ్బా దానికి అడ్డంగా ఉంటుంది మరి. అందుకని దాని వాల్వు మిగతావాటికంటే ఎక్కువ కాలుతుంది.

మొత్తం ఎనిమిది వాల్వులు. ఒక్కోదానికీ, దాన్ని తట్టే చిన్న సుత్తిలాంటి ముక్కకూ మధ్య రెండు వెంట్రుకల మందం సందు ఉండాలి. ఆ సందు ఉంది గనకే ఆ బండ్లు ఎప్పుడూ టకటకమంటూ ఉంటాయి. సందు ఎక్కువైతే చప్పుడు పెరుగుతుంది, వినపడుతుంది, తెచ్చి బాగుచేయించుకోవచ్చు. సందు తక్కువైతే చప్పుడే ఉండదు. వాల్వు పూర్తిగా మూసుకోదు, ఒంట్లో వేడి దిగదు, లోపల్లోపలే కాలి ఒకనాడు విరుగుతుంది. ఈ సంగతి ఉస్తాద్ ఓబులేసుకు ఒకసారి కాదు, వందసార్లు చెప్పి ఉంటాడు.

వాల్వుల పని ఉంటే బండి రాత్రి షెడ్డులోనే ఉండాలి. తెల్లారి ఉస్తాద్ ఇంజను మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. కుండ ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంటేనే మూత తీస్తాడు. గోరువెచ్చగా ఉన్నా సరే, ఇంకో గంట కూర్చోమంటాడు; వేడి మీద పెట్టిన సందు చల్లారాక ఇంకా ఇరుకవుతుందట. వచ్చినవాడు కలెక్టరయినా అదే మాట.

ఓబులేసుకు ఇదంతా చాదస్తంలా కనిపించేది. వయసు ఇరవై ఎనిమిది, చేతిలో పనుంది, ఇంకా పానాలు అందించడమేనా అని లోపల కుతకుత. ఒకరోజు అడిగేశాడు.

“వాల్వుల పని నాకెప్పుడు ఇస్తారు ఉస్తాద్?”

“చెయ్యి వచ్చింది నీకు. చెవి రాలేదు ఇంకా.”

“చెవి ఎప్పుడొస్తాది?”

“నీ చప్పుడు తగ్గినాక,” అన్నాడు ఉస్తాద్, చూపు పని మీదనుంచి తిప్పకుండానే.

ఓబులేసుకు ఒళ్లు మండింది. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత నెల రోజులకు కడప దర్గాలో ఉరుసు వచ్చింది. ఏటా ఉస్తాద్ ఆ దర్గాకు పోయి వారం రోజులు అక్కడే ఉంటాడు. పోతూ పోతూ ఒకే మాట చెప్పాడు. “ఆయిల్ మార్చు, వైర్లు మార్చు. వాల్వుల పనేదన్నా వస్తే బండిని నిలబెట్టు, నేనొచ్చి చూస్తా.”

ఆయన పోయిన రెండో రోజే, సోమవారం మధ్యాహ్నం, జయరత్నం మాష్టారి బండి వచ్చి ఆగింది.

జయరత్నం మాష్టారు లెక్కల పంతులు, రిటైరయ్యాడు. ఆయన భార్య మార్తమ్మకు మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. అప్పట్లో రక్తం శుభ్రం చేసే మిషను మదనపల్లెలో లేదు, తిరుపతికి పోవాలి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. బస్సులో ఆమెకు వాంతులు, కూర్చోలేదు. అందుకని మాష్టారు ఎప్పుడో ఒక డాక్టరు దగ్గర కొన్న ఆ పాత బీటిల్‌లోనే, ముందు సీటును వెనక్కు వాల్చి ఆమెను పడుకోబెట్టి తీసుకుపోయేవాడు. పోయేటప్పుడు మూడు గంటలు, వచ్చేటప్పుడు మూడు గంటలు, మధ్యలో భాకరాపేట ఘాటు.

ఆ రోజు మార్తమ్మ కూడా బండిలోనే ఉంది. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు, ఒట్టికాళ్లతో కూర్చుని ఉంది. ఓబులేసును చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

“ఈ టకటక నా తలకాయలోనే కొడతా ఉన్నట్టుంది నాయనా. మిషను మీదనుంచి లేచినాక ఒళ్లంతా పచ్చి పుండు మాదిరి ఉంటాది. కాస్త కన్ను మూద్దామంటే ఇది మూయనీదు. దీన్ని ఆపలేవా?”

“సాయిబును అడిగితే ఉండనియ్ మాష్టరూ, అది మంచి చప్పుడు అంటాడు,” అన్నాడు జయరత్నం. “ఆయనకేం, ఆయన బండి కింద ఉంటాడు. లోపల కూర్చునేది ఈమె కదా.”

ఉస్తాద్ ఊళ్లో లేడని, వారం ఆగమని ఓబులేసు చెప్పాల్సింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అంతలో మాష్టారు అన్నాడు, “నువ్వు ఆరేళ్లుగా ఉండావు గదా ఓబులేసూ. నీకు రాదా ఇది?”

అంతే. అక్కడే పడిపోయాడు మనవాడు.

“ఎందుకు రాదు సార్? అర్ధగంట ఆగండి,” అన్నాడు.

అర్ధగంటకు ఇంజను ఏం చల్లారుతుంది? మూత తీసి ఉంచాడు, అంతే. తర్వాత బండి కింద పడుకున్నాడు. కింద చీకటిగా ఉంటే మాష్టారే వంగి టార్చి పట్టాడు. ఒక్కో వాల్వు దగ్గర సందులోకి సన్నటి ఉక్కు రేకు దూర్చి కొలవాలి. ఆరో నంబరు రేకు దూరాలి. ఓబులేసు దానికంటే పల్చనైన రెండో నంబరు రేకు తీశాడు. తీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తెలుసు వాడికి. తెలిసే తీశాడు. ముసలాయన అన్నీ పెద్దవి చేసి చెబుతాడు, ఇన్నేళ్లలో నా కళ్ల ముందు ఒక్క వాల్వయినా విరిగిందా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. విరగకపోవడానికి కారణం ఆ ముసలాయనేనన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఎనిమిదీ బిగించి, పైకి లేచి తాళం తిప్పాడు. టకటక లేదు. ఇంజను మెత్తగా గుర్రుమంటోంది.

మార్తమ్మ కళ్లు మూసుకుంది. “అబ్బ, ప్రాణానికి ఎంత హాయిగా ఉంది,” అంది.

“సాయిబు ఇన్నేళ్లుగా చెయ్యని పని అర్ధగంటలో చేసినావే!” అన్నాడు మాష్టారు. ఓబులేసుకు కాళ్లు నేల మీద ఆనలేదు.

శుక్రవారం తిరుపతి నుంచి వస్తూ పనిగట్టుకుని షెడ్డు దగ్గర బండి ఆపారు. మార్తమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఓబులేసు చెయ్యి పట్టుకుంది. ఘాటెక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి పీలేరు దాకా నిద్రపోయిందట. “దేవుడు నీ చేతిని దీవిస్తాడు నాయనా,” అంది. ఆమె వేళ్లు సన్నగా, చల్లగా ఉన్నాయి.

ఉస్తాద్ ఆదివారం వచ్చాడు. దర్గా నుంచి తెచ్చిన చక్కెర ఓబులేసు చేతిలో పెట్టి, ఏ బండ్లు వచ్చాయని అడిగాడు.

“రెండు ఆయిల్ మార్పులు. ఒక క్లచ్ వైరు.”

“ఇంకేం లేదా?”

“లేదు ఉస్తాద్.”

చెప్పకూడదని అనుకోలేదు వాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం, మాష్టారే మెచ్చుకుంటూ చెబితే ఇంకా బాగుంటుంది అనుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైపోయింది. వారం తర్వాత చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా తోడవుతుంది గదా.

మళ్లీ రెండు వారాలకు, ఒక సాయంత్రం మాష్టారు ఒక్కడే వచ్చాడు. ఉస్తాద్ నమాజుకు పోయి ఉన్నాడు.

“పొద్దున పూట స్టార్టు కావడానికి మొండికేస్తా ఉండాది ఓబులేసూ. ఘాట్లో లాగడం లేదు, ముక్కుతా ఉండాది. ఏమంటావు?”

అది ఏమిటో ఓబులేసుకు తెలిసిపోయింది. మూత తీసి, బండిని రాత్రికి ఇక్కడే ఉంచమని, తెల్లారి మళ్లీ సందులు సరిచేస్తే చాలు. కానీ తెల్లారేసరికి ఉస్తాద్ ఉంటాడు. చూస్తాడు. కొలుస్తాడు.

“పెట్రోలులో నలక సార్,” అన్నాడు. కార్బొరేటర్ స్క్రూ ఒకటి అరచుట్టు తిప్పాడు. ఇంజను కాస్త హుషారుగా అరిచింది.

“సాయిబుకు ఒకసారి చూపిద్దామా? ఎట్లా వచ్చినా గదా.”

“ఇంత చిన్నదానికి ఆయనెందుకు సార్?”

మాష్టారు సరేనని వెళ్లిపోయాడు. ఆ మనిషికి ఓబులేసు మీద అంత నమ్మకం. నమాజు నుంచి ఉస్తాద్ వచ్చేసరికి బండి మలుపు తిరిగిపోయింది.

ఆ వచ్చే మంగళవారం భాకరాపేట ఘాట్లో, తిరుపతికి పోతుండగా, ఎక్కుడు దారిలో సగం దూరం పోయాక, వెనకనుంచి ఫట్‌మని మోత. ఇంజను బిగుసుకుపోయింది. మార్తమ్మకు అప్పటికే ఆయాసంగా ఉంది. పండగలని, బందులని ముందటి శుక్రవారం మిషను దొరకలేదు, ఒంట్లో నీరు పేరుకుని ఉంది. మాష్టారు రోడ్డు మధ్యన నిలబడి చేతులు ఊపాడు. కిక్కిరిసిన బస్సులు ఆగలేదు. గంటన్నర తర్వాత పాల వ్యాను ఒకటి ఆగింది. క్యాన్ల మధ్యన దుప్పటి పరిచి పడుకోబెట్టారు. ఘాటు దిగకముందే ఆమె పోయింది.

కబురు షెడ్డుకు చేరినప్పుడు ఓబులేసు ఒక టైరు విప్పుతున్నాడు. ఆ టైరును అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

అయిదో రోజు బండిని లారీకి కట్టి లాక్కొచ్చారు. ముందు సీటు ఇంకా వెనక్కు వాలి ఉంది. సీటు మీద ఒక తువ్వాలు, నీళ్ల సీసా. ఉస్తాద్ వాటిని తీసి గుడ్డలో కట్టి పక్కన పెట్టాడు. ఇంజను దించుదాం పట్టమన్నాడు.

ఎడమ పక్క సిలిండర్ల మీది హెడ్డు విప్పేసరికి తెలిసిపోయింది. మూడో సిలిండరు వాల్వు తలకాయ తెగి పిస్టన్లో దిగబడి ఉంది. పిస్టన్‌కు చిల్లి. ఉస్తాద్ దాన్ని చూస్తూ గొంతుకూర్చున్నాడు.

ఓబులేసుకు ఇంకా ఒక ఆశ మిగిలింది. “మూడోది గదా ఉస్తాద్,” అన్నాడు. “పాత వాల్వు. అన్నిటికంటే ఎక్కువ వేడెక్కేది అదే. ఎప్పుడైనా పోయేదే.”

ఉస్తాద్ జేబులోంచి కొలత రేకులు తీసి వాడి చేతికిచ్చాడు. “కుడి పక్క ఇంకా విప్పలేదు. నాలుగూ కొలువు. గట్టిగా చెప్పు, నాకు వినపడాల.”

అయిదు రోజులుగా ఆగి ఉన్న ఇంజను, చల్లగా ఉంది. ఓబులేసు మొదటి సందులో ఆరో నంబరు రేకు పెట్టాడు.

“పోలేదు.”

“రెండు పెట్టు.”

“పోలేదు.”

“తర్వాతది.”

“పోలేదు.”

మూడోది కూడా పోలేదు. నాలుగోదానికి ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. ఉస్తాద్ రేకులు తీసుకుని, తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరు చేశారని అడగలేదు. ఆ షెడ్డులో ఉండేది ఇద్దరే. అడిగి ఉంటే ఓబులేసు ఆ క్షణమే కాళ్ల మీద పడి చెప్పేసేవాడు. ఉస్తాద్ అడగలేదు.

మరో వారానికి జయరత్నం మాష్టారు వచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. బండి వైపు చూడలేదు.

“ఎందుకిట్లయింది సాయిబూ? చెప్పు నాకు. ఆ రోజు ఘాట్లో గట్టిగా తొక్కినా నేను. ఆమె ఆయాసపడతా ఉంటే తొందరపడినా. దానికే పోయిందా? నావల్లనే పోయిందా?”

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. అరవై అయిదేళ్ల మనిషి, మోకాళ్లు సరిగా వంగవు, లేవడానికి బండిని పట్టుకోవాల్సి వచ్చింది.

“మీ తప్పు రవ్వంత కూడా లేదు మాష్టరూ. వాల్వులు బిగువు చేసి పెట్టినారు. ఈ షెడ్డులో జరిగింది. తప్పు నాది.”

మాష్టారు ఉస్తాద్‌ను చూశాడు. తర్వాత ఓబులేసును చూశాడు. చాలాసేపు చూశాడు. ఓబులేసు తల వంచుకుని చేతిలోని గుడ్డను నలుపుతున్నాడు. మాష్టారు ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పని చెడగొట్టినవాడు మరుసటి రోజు పొద్దున షెడ్డు ఊడవాలి. నేల మీద ఆయిల్ పారిన చోటల్లా రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక చీపురుతో కొట్టుకుంటూ గుమ్మం దాకా రావాలి. ఆరేళ్లలో ఓబులేసు ఎన్నిసార్లు ఊడ్చాడో లెక్క లేదు. ఉస్తాద్ చీపురు పట్టడం వాడు ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున ఓబులేసు వచ్చేసరికి ఉస్తాద్ ఊడుస్తున్నాడు. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, వంగి, రెండడుగులు వేసి ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్లీ వంగుతున్నాడు.

ఓబులేసు పరుగున వచ్చి చీపురు పట్టుకున్నాడు. “ఇట్లియ్యండి ఉస్తాద్.”

“నువ్వెందుకు? తప్పు చేసినోడు గదా ఊడ్చాల.” ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ఓబులేసును కాల్చేసింది. ఉస్తాద్ చీపురు వదల్లేదు.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. అక్కడితో ఆగలేదు. బెంగళూరు నుంచి, చిత్తూరు నుంచి బండి తెచ్చిన ప్రతివాడికీ తాళం చేతులు తీసుకునే ముందే చెప్పేవాడు. “నా షెడ్డులో వాల్వులు తప్పు పెట్టినందుకు ఘాట్లో బండి ఆగి ఒక తల్లి పోయింది. తెలుసుకోని ఇయ్యండి.” కొందరు అయ్యో అన్నారు. కొందరు బండిని తిప్పుకుని పోయారు. నలభై ఏళ్లు కూడబెట్టుకున్న పేరును ఉస్తాద్ రోజుకింత తీసి గుమ్మం బయట పెట్టేస్తున్నట్టే ఉంది.

ఓబులేసు రోజూ చూశాడు. రోజూ రేపు అనుకున్నాడు. తిండి దిగడం మానేసింది. రాత్రిళ్లు కన్ను మూస్తే మార్తమ్మ వేళ్లు చేతికి తగిలేవి. అయినా నోరు రాలేదు. జైల్లో పెడతారనే భయం కాదు. తన తప్పు ఉస్తాద్ పేరు మీద ఉన్నంత కాలం అది తనది కానట్టే ఉంది, ఆ నీడను వదులుకోవడం చేతకాలేదు వాడికి. ఇలాంటి పిరికితనం చెప్పుకోవడానికి కూడా సిగ్గే.

పన్నెండో రోజు పొద్దున ఉస్తాద్ ఊడుస్తూ గుంత అంచున కాలు జారి పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఓబులేసు లేవనెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనంతట తానే లేచి, చీపురు వెతుక్కున్నాడు.

ఓబులేసు వెనక్కు తిరిగి నడిచాడు. చర్చి వీధిలో జయరత్నం మాష్టారి ఇల్లు వచ్చేదాకా ఎక్కడా ఆగలేదు.

మాష్టారు వసారాలో కూర్చుని ఉన్నాడు. పక్కన బల్ల మీద మార్తమ్మ మందుల డబ్బా ఇంకా అలాగే ఉంది. ఓబులేసు గుమ్మం కిందనే నిలబడిపోయాడు.

“సార్, ఆ వాల్వులు...”

“నువ్వే పెట్టినావు,” అన్నాడు మాష్టారు. “టార్చి పట్టింది నేనే గదా.”

ఓబులేసుకు తల తీసేసినట్టయింది. “ఉస్తాద్ తనదని చెప్పినప్పుడు మీరేమీ అనలేదే సార్?”

“నువ్వంటావేమోనని చూసినా.”

వీధిలో ఎవరో సైకిలు గంట కొడుతూ పోయారు. మాష్టారు ఆ శబ్దం పోయేదాకా ఆగాడు.

“ఒక సంగతి అడుగుతా ఓబులేసూ. అట్ల బిగించకూడదని నీకు తెలుసా అప్పటికే?”

“తెలుసు సార్.”

“రెండోసారి నేను బండి తెచ్చినప్పుడు?”

“అప్పుడూ తెలుసు.”

మాష్టారు మందుల డబ్బా మీద చెయ్యి పెట్టుకున్నాడు. “మరెందుకు చేసినావు?”

దానికి ఓబులేసు దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. అమ్మకు నిద్రపడుతుందని చేసినా సార్. చెబితే ఎవరైనా నమ్ముతారు. మాష్టారి కళ్లు కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాయి. దారంతా అదే అనుకుంటూ వచ్చాడు. నోరు తెరిచాడు. ఉస్తాద్ మోచేతి మీది నెత్తురు కనిపించింది.

“మీరు మెచ్చుకుంటారని సార్,” అన్నాడు.

మాష్టారు డబ్బా మీదనుంచి చెయ్యి తీసేశాడు.

“ఆమె మీద జాలిపడి చేసినావనుకుంటా ఉండినా,” అన్నాడు చాలా మెల్లగా. “ఆమె బాధ చూడలేక చేసినాడులే పాపం అనుకుంటా ఉండినా. ఇన్నాళ్లూ అదొక్కటే పట్టుకోని ఉండినా ఓబులేసూ.”

లేచి లోపలికి పోయాడు. తలుపు వెయ్యలేదు, వెనక్కీ రాలేదు. ఓబులేసు ఎండ మెట్లెక్కేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఇంక నిలబడి చేసేదేమీ లేదని తెలిసి వచ్చేశాడు.

షెడ్డులో ఉస్తాద్ ఊడవడం ఇంకా పూర్తి కాలేదు. దెబ్బ తగిలిన చేతికి గుడ్డ చుట్టుకుని, రెండో చేత్తో తోస్తున్నాడు. ఓబులేసు ఎదురుగా పోయి చెయ్యి చాపాడు. ఉస్తాద్ వాడి ముఖంలోకి చూశాడు. చీపురు ఇచ్చేశాడు.

ఓబులేసు గుంత నుంచి గుమ్మం దాకా ఊడ్చాడు. ఉస్తాద్ టైరు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. రంపపు పొట్టంతా ఎత్తి డబ్బాలో పోసి వచ్చాక ఓబులేసు ఆయన ముందు నేల మీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది ఏడుపు, చిన్నపిల్లవాడికి వచ్చినట్టు, ఆపుకోలేకుండా. ఉస్తాద్ ఆపమనలేదు.

“ఏమన్నాడు?” అని అడిగాడు అది తగ్గాక.

“ఆయన ఒకటి పట్టుకోని ఉండినాడు ఉస్తాద్. దాన్ని కూడా తీసేసి వచ్చినా. నేను పోకుండా ఉండింటే బాగుండు.”

“నీకు తేలికయిందా?”

“లేదు.”

“ఆయనకు?”

“లేదు ఉస్తాద్.”

ఉస్తాద్ టైరు మీదనుంచి లేచాడు.

“అయితే నిజమే చెప్పినావు,” అన్నాడు.